కెప్టెన్ కాలు లోకల్ ట్రైనెక్కింది

టెక్కలిలో ఉన్న మా అక్కయ్యల పిల్లలూ, ఈ కథ మీకింకా ఎవరూ చెప్పలేదని నాకు తెలుసు. చెప్పి ఉంటే ఈపాటికి ఫోన్ చేసి పడీ పడీ నవ్వేవారు. పోయిన నెల ఒక ఆదివారం మీ పిన్ని ఒక కాలు పోగొట్టుకుంది. నాది కాదు, నావి రెండూ ఉన్నాయి. ఒక పెద్దాయన కాలు. అదీ లోకల్ ట్రైన్లో!

నా సంగతి మీకు తెలుసు కదా. మా ఇంట్లో పేరు రాయని వస్తువు ఉండదు. పిల్లల టిఫిన్ డబ్బాలు, గొడుగులు, చెప్పులు, ఆఖరికి బాత్రూములో బకెట్టు మీద కూడా మార్కర్ పెన్నుతో పేరు రాస్తాను. ఇంత దూరం వచ్చి, ఈ కలకత్తాలో పిల్లల్ని పెంచుతున్నాం. ఇక్కడ ఏది పోయినా ఎవర్ని అడుగుతాం? మీ బాబాయ్ నన్ను చూసి, "ఏదో రోజు నా నుదుటి మీద కూడా రాస్తావు" అంటారు. అలాంటి నేను, అలాంటి నేను!

ముందు సినిమా సంగతి చెప్పాలి.

మా లిలువా రైల్వే క్వార్టర్స్‌లో తెలుగువాళ్ళందరికీ పెద్దాయన దానియేలు తాతయ్య. వయసులో ఉండగా యార్డులో రైలు పెట్టెలు కలుపుతుంటే ప్రమాదం జరిగి, ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది. అప్పట్నించీ పెట్టుడు కాలే. ఆయన కుర్రతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తెల్లగుడ్డ కట్టి ఒక పాత ఇంగ్లీషు సినిమా వేశారట. సముద్రపు దొంగల సినిమా. దాని పేరు ఆయనకు గుర్తులేదు కానీ, ఆయన చెప్పగా చెప్పగా కథ మాత్రం మా చర్చి సంఘంలో పిల్లలందరికీ నోటికొచ్చేసింది. ఒంటికాలి కెప్టెన్, నిధి, కత్తులు, తుఫాను. ఆఖర్లో ఓడ మునిగిపోతుంది. కెప్టెన్ కనబడడు. ఆయన కొయ్యకాలు ఒక్కటే తేలుకుంటూ ఒడ్డుకొస్తుంది. అంతే, సినిమా అయిపోయింది.

"మరి కెప్టెన్ ఏమైపోయినాడు తాతా?" అని మా అబ్బాయి జోయెల్ అడిగాడు. వాడికి పదేళ్ళు.

"ఏటవుతాడ్రా, సచ్చిపోనాడు. సినిమా అయిపోనాది, లైట్లు ఏసేసినారు."

జోయెల్‌కి రెండు రోజులు అన్నం సయించలేదు. నాకేమో భయం. ఇలాంటివి మనసులో ఉండిపోతాయేమో, చదువు మీద దెబ్బ పడుతుందేమో అని. అందుకని వాణ్ణి కూర్చోబెట్టి పార్ట్ టూ చెప్పాను. నేనే కల్పించాను! కెప్టెన్ చావలేదు. ఈదుకుంటూ ఈదుకుంటూ మన ఖిదిర్‌పూర్ డాక్స్‌కి వచ్చేశాడు. అక్కడ పోయిన వస్తువుల ఆఫీసులో తన కాలు ఉందని తెలిసి అడగడానికి వెళ్ళాడు. ఆఫీసరమ్మ రిజిస్టర్ తిరగేసి, "కెప్టెన్ మునిగిపోయాడని రాసుంది. నువ్వు బతికే ఉన్నావని కాయితం తే, కాలు తీసుకో" అంది. ఒక కాలి మీద గెంతుకుంటూ పాపం కెప్టెన్ ఆ బల్ల నుంచి ఈ బల్లకి తిరుగుతాడు.

జోయెల్ నవ్వాడు. అన్నం తిన్నాడు. అక్కడితో ఊరుకోవచ్చు కదా నేను? సండే స్కూల్ వార్షికోత్సవానికి అదే నాటకం వేద్దామన్నారు పిల్లలు. నేను రాసేశాను. కానీ మనసు ఊరుకోదు. దొంగ కథ, దేవుడి మందిరం పక్క హాల్లో! మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళి నాటకం అంతా చదివి వినిపించాను. ఆయన నవ్వాపుకుంటూ, "దొంగతనం మానేశాడా అమ్మా?" అన్నారు.

"మానేశాడండీ. మొదటి సీన్లోనే మారుమనస్సు పొందుతాడు."

"మరింకేం. వేయండి."

జోయెల్ కెప్టెన్. వాడి అక్క హన్నా ఆఫీసరమ్మ. మరి కాలో? మీ బాబాయ్ అట్టముక్కలతో ఒకటి చేశారు. చూస్తే అరటి దూటలా ఉంది. రిహార్సల్ చూడ్డానికొచ్చిన దానియేలు తాతయ్య దాన్ని చేత్తో తిప్పి చూసి, "ఇదేటమ్మా, కాలా ఇది? నా కాలు హౌరాలో కొట్టు దగ్గరుంది. కొత్త బెల్టు, కొత్త బూటు ఏయిస్తున్నాను. ఆదివారానికి ఇస్తానన్నాడు. నువ్వెల్లి పట్టుకొచ్చీ. నాటకంలో సూపించు, అయిపోగానే నేను కట్టుకుని ఇంటికి పోతాను" అన్నారు.

"వద్దు మావయ్యా, పిల్లల చేతుల్లో పాడైపోతే?"

"నా కాలు స్టేజీ ఎక్కితే నాకు గొప్ప కదా! మరేటి మాటాడకు."

ఆ కొత్త బెల్టు, కొత్త బూటు ఎందుకో కూడా వినండి. బుధవారం నాడు ఆయన మనవరాలు రూతు పెళ్ళి, మా సంఘంలోనే. రూతు తండ్రి లేడు. పెళ్ళికూతుర్ని చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గర నుంచి ముందుదాకా నడిపించుకు రావాల్సింది తాతయ్యే. ఆ కాలు ఆయన కొలతకి చేసింది. పోతే ఇంకోటి చేయడానికి వారాలు పడుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే తీసుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక హౌరా వెళ్ళాను. ఒకటే వాన. కొట్టతను కాలికి టవల్ చుట్టి, ఎర్రచారలూ పచ్చచారలూ ఉన్న నైలాన్ బజారు సంచిలో పెట్టి ఇచ్చాడు. ఆ సంచి లేని ఇల్లు ఈ చుట్టుపక్కల ఉండదు. నేను అలవాటు కొద్దీ మార్కర్ తీశాను. మళ్ళీ ఆగాను. ఇతరుల కాలు మీద నా పేరు రాయడం తప్పు కదా? ఆయన పేరు రాద్దామంటే పెళ్ళికి పాలిష్ పెట్టించిన కాలు! అందుకని ఒక కాయితం మీద రాసి టవల్‌కి పిన్ను పెట్టాను. "ఈ కాలు దానియేలు గారిది. బుధవారం ఆయనకు దీనితో పని ఉంది. దయచేసి పిల్లలెవరూ ఆడకండి. ఇట్లు, తెలుగు సంఘం సండే స్కూల్, లిలువా." చక్కగా, గుండ్రంగా, తెలుగులో! మా సండే స్కూల్ పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఇద్దరే. అది కూడా గుర్తు రాలేదు నాకు.

వాన వల్ల ముందు రెండు లోకళ్ళు రాలేదు. మూడోదానికి మూడు రైళ్ళ జనం. లేడీస్ పెట్టెలో నన్ను ఎక్కించినవాళ్ళెవరో తెలీదు, నేనైతే ఎక్కలేదు. ఇక్కడో మంచి పద్ధతి ఉంది. కూర్చున్నవాళ్ళు నిలబడ్డవాళ్ళ సంచులు అడిగి మరీ ఒళ్ళో పెట్టుకుంటారు. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ చెయ్యి చాపి, "దిన్ దిది, బ్యాగ్‌టా దిన్" అంది. సంచి ఇటివ్వమని. ఇవ్వకపోతే బాగుండదు కదా అని ఇచ్చాను. ఆవిడ ఒళ్ళో అప్పటికే రెండు సంచులున్నాయి. నాది మూడోది. మూడింటికీ ఎర్రచారలూ, పచ్చచారలూ!

హౌరా తరవాత మొదటి స్టేషన్ మాదే. రైలు ఆగుతోంటే "ఆమార్ బ్యాగ్, ఆమార్ బ్యాగ్", నా సంచీ నా సంచీ అని బెంగాలీలో అరిచాను. తలల మీదుగా, చేతులు మారి ఒక సంచి వచ్చింది. పొడుగ్గా, బరువుగా, లోపల ఏదో చుట్టి ఉంది. గుండెకి హత్తుకుని దిగాను. కాస్త చేపల వాసన వచ్చింది. వానాకాలంలో ఆ పెట్టెలో రాని వాసన ఏది?

హాల్లోకి రాగానే పిల్లలు ఎగబడ్డారు. "చూపించు ఆంటీ, చూపించు ఆంటీ!" నేనొక రూల్ పెట్టాను. స్టేజీ మీద తీసేదాకా ఎవరూ సంచి ముట్టుకోకూడదు. తాతయ్య కాలికి గీత పడకూడదు. సంచిని బల్ల కింద పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూడా కాశాను. దేనికి కాపలా కాశానో ముందు వింటారు.

నాటకం మొదలైంది. ముందు వరసలో చంకకర్రలు ఒళ్ళో పెట్టుకుని దానియేలు తాతయ్య, పక్కన రూతు. జోయెల్, వాళ్ళ నాన్న ప్యాంటు వేసుకుని, ఒక కాలు మడిచి కట్టుకుని గెంతుకుంటూ వచ్చాడు. కాయితం సీన్ రాగానే హాలంతా గొల్లుమంది. అందరూ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళే మరి. తరవాత హన్నా గొంతు సవరించుకుంది.

"సరే. ముందు కాలు చూపిస్తాను. గుర్తుపట్టు!"

సంచిలో చెయ్యి పెట్టింది. న్యూస్‌పేపర్ చుట్టిన పొట్లం తీసింది. నేను తెర వెనక నుంచి అనుకున్నాను, టవల్ కదా ఉండాలి అని. హన్నా పేపరు విప్పింది.

చేప! మిలమిలా మెరుస్తూ, నోరు తెరుచుకుని, ఇంత పొడుగు ఇలిష్ చేప! మన పులసే, ఇక్కడ ఇలిష్ అంటారు.

నా కాళ్ళ కింద నేల లేదు. హన్నా చేపని తోక పట్టుకుని నా వైపు చూస్తోంది. చేప కూడా నా వైపే చూస్తోంది.

అప్పుడు మా జోయెల్, పోయిన ఏడాది బైబిలు కంఠత వాక్యం చెప్పలేక స్టేజీ మీద ఏడ్చేసినవాడు, ఒక గెంతు గెంతి చేపని కౌగిలించుకున్నాడు.

"ఇది నా కాలే మేడమ్! ఇన్నేళ్ళు నీళ్ళల్లో ఉంటే ఏటవుతాది? సేపైపోనాది!"

హన్నా కూడా తగ్గలేదు. "కాలయితే నీకిస్తాను. చేప దొరికితే అది ఆఫీసుదే!"

హాలు కూలిపోతుందనుకున్నాను. కుర్చీలు గుద్దుకుంటూ నవ్వారు. అయ్యగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది దానియేలు తాతయ్య. తెర వెనక నేనొక్కదాన్నే గోడ పట్టుకుని నిలబడ్డాను.

తెర పడగానే నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళాను. దాచడం నా వల్ల కాదు.

"ఏటమ్మా, బలే సేసినావు!" అన్నారాయన నన్ను చూడగానే. "కాలని సెప్పి సేప తెచ్చినావు! నాకు కూడా సెప్పలేదు సూడు. సరే, ఇలా తే నా కాలు. కట్టుకుని పోతాను, వానొస్తన్నాది."

"లేదు మావయ్యా."

"ఏటి నేదు?"

"కాలు."

ఆయన మొహం మీద నవ్వు ఒక్కసారి పోలేదు. మెల్లిగా దిగింది. నేను రైలు, సంచి, ఆవిడ, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. రూతే ముందు మాట్లాడింది.

"పోనీలే తాతా. కర్రలతోటే నడుద్దువు."

"కర్రలకి రెండు సేతులూ కావాలి కదే. నీ సెయ్యి దేనితో పట్టుకోను?"

పిల్లలూ, ఆ మాటకి నేను అక్కడే ఏడ్చేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు నాటకం బాగా వచ్చిందని ఆనందంతో ఏడుస్తున్నాననుకుని చేతులు కలిపారు.

హన్నాని వెంటబెట్టుకుని ఆ సాయంత్రమే స్టేషన్లో పోయిన వస్తువులు రాసుకునే బల్ల దగ్గరికి వెళ్ళాను. అక్కడి బాబు పాపం మంచివాడే.

"ఏం పోయింది బౌదీ?"

"కాలు."

ఆయన బల్ల మీద నుంచి వంగి నా పాదాలు చూశాడు. రెండూ లెక్కపెట్టుకుని, "ఎవరిది?" అన్నాడు.

"మా సంఘంలో పెద్దాయనది."

"ఆయన ఉన్నారా?"

"ఉన్నారు."

"కాలు ఆయనదేనని ఏదైనా కాయితం ఉందా?"

పక్కనుంచి కిసుక్కుమని నవ్వు. హన్నా నోట్లో చున్నీ కుక్కుకుంది. నా నాటకంలో మాటలే! నేను రాసినప్పుడు ఎంత నవ్వొచ్చిందో, ఆ బల్ల ముందు నిలబడితే అంత ఏడుపొచ్చింది.

ఇంటికొస్తే ఇంకో గొడవ. చేప.

"వేపుడు చేద్దాం" అన్నారు మీ బాబాయ్.

"ఇతరుల చేప! ఎలా తింటామండీ?"

"వాళ్ళిల్లు తెలుసా?"

"తెలీదు."

"మరి చేపకి తెలుసా?"

నేను ఒప్పుకోలేదు. మా ఫ్రిజ్ చిన్నది, అందుకని అమ్మగారిని, అంటే అయ్యగారి భార్యని, బతిమాలి వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టించాను. మీద కాయితం కూడా అంటించాను, "ఇది మనది కాదు" అని. సోమవారం కరెంటు పోయింది. వాన కదా, మధ్యాహ్నం పోయింది తెల్లారేదాకా రాలేదు. అమ్మగారు నాతో ఇప్పటికీ ముక్కు చిట్లించే మాట్లాడుతున్నారు.

ఆ సోమవారమంతా రైళ్ళ మీదే ఉన్నాను. లేడీస్ పెట్టె ఎక్కడం, కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడల మొహాలు చూడ్డం, దిగడం. ఒకావిడైతే, "ఏం కావాలమ్మా, పొద్దున్నించి చూస్తున్నాను" అని బెంగాలీలో గదమాయించింది. కాలు కావాలని ఎలా చెప్పను? అటు రూతు వాళ్ళింట్లో పందిరి వేస్తున్నారు. తాతయ్య గుమ్మంలో కూర్చుని, ఒక కర్ర చంకలో పెట్టుకుని, ఒక్క చేత్తో నడవడం ప్రాక్టీసు చేస్తున్నారు. రెండడుగులు వేయడం, గోడ పట్టుకోవడం. నేను ఆ దారిన వెళ్ళలేక వెనక సందులోంచి తిరిగాను.

మంగళవారం మధ్యాహ్నం హాలు ముందు రిక్షా ఆగింది. అందులోంచి రైల్లో పెద్దావిడ దిగింది! వెనకాల ఒక నడివయసు మనిషి, ఆయన వెనకాల దళసరి కళ్ళద్దాల ముసలమ్మ. ఆయన చేతిలో ఎర్రచారల, పచ్చచారల సంచి. నేను పరిగెత్తుకెళ్ళి సంచిలో చెయ్యి పెట్టాను. బూటు తగిలింది. సంచి ఒళ్ళో పెట్టుకుని అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

పెద్దావిడది రిష్రా. చెయ్యి తిప్పుకుంటూ కథంతా చెప్పింది. ఆ రోజు వాళ్ళ అల్లుడు మొదటిసారి భోజనానికొచ్చాడట. "చూడు బాబూ, నీకోసం ఎంత ఇలిష్ తెచ్చానో" అని అతని ముందే సంచి బోర్లించింది. నల్ల బూటు వేసుకున్న కాలు దొర్లింది! అల్లుడు మంచమెక్కి నిలబడి దిగనంటాడట. వీధంతా పోగయ్యింది. ఎవరో ధైర్యం చేసి కర్రతో కొడితే టంగుమంది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు. అంతలో నా కాయితం కనబడింది. గుండ్రటి అక్షరాలు. ఇదేదో మంత్రమని, కాలికి చేతబడి చేశారని మళ్ళీ అందరూ వెనక్కి గెంతారు!

ఆఖరికి ఎవరికో తోచింది, ఇవి మునిసిపాలిటీలో పనిచేసే గురువులు అనే ఆయన వాళ్ళ భాష అక్షరాల్లా ఉన్నాయని. ఆ నడివయసాయనే గురువులు. ఊరెళ్ళి సోమవారం రాత్రికి తిరిగొచ్చాడట. "తెలుగు మాటాడతాను గానీ సదవడం రాదక్కా, ఇక్కడే పుట్టినాను" అన్నాడు సిగ్గుపడుతూ. వాళ్ళమ్మకి బైబిలు చదివే తెలుగు వచ్చు. ఆవిడ కాయితాన్ని కళ్ళకి ఆనించుకుని చదివి, నవ్వాపుకోలేక చాలాసేపు కొడుక్కి సంగతేమిటో చెప్పలేకపోయిందట.

"ఒలమ్మ, ఎవరు రాసినారే ఆ సీటీ?" అంది ముసలమ్మ. "కాలుతో బుధవారం పనుందట!"

నేనే అన్నాను. తల వంచుకుని.

అప్పుడు రిష్రా ఆవిడ మెల్లిగా అడిగింది, ఆమార్ ఇలిష్ ఏదీ అని. నేను గర్వంగా చెప్పాను. ఇతరుల వస్తువని ముక్క కూడా ముట్టుకోలేదండీ, అలాగే ఉంచాం, కరెంటు పోయి పాడైపోయింది, ఈ ఉదయమే పారేశాం.

కాలు చూసినప్పుడు ఆవిడ ఎలా అరిచిందో నాకు తెలీదు. ఈ మాట విన్నాక అరిచింది మాత్రం స్టేషన్‌దాకా వినబడి ఉంటుంది.

"పారేశారా! ఇలిష్‌ని! తినేసినా బాగుండేది కదా!" రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. మీ బాబాయ్ ఆవిడ పక్కన చేరి, "నేనూ అదే చెప్పానండీ" అన్నారు. ఇద్దరూ కలిసి నన్ను చూసిన చూపు! జీవితంలో మొదటిసారి, తప్పు చేయకూడదని నేను చేసిన పనే పెద్ద తప్పయి కూర్చుంది. ఆవిడ కాళ్ళావేళ్ళా పడి, వేరే ఇలిష్ తెచ్చిచ్చి, పెళ్ళికి రమ్మని పిలిచాను. అల్లుడితో సహా.

బుధవారం దానియేలు తాతయ్య తెల్లపంచె బదులు ప్యాంటు వేసుకున్నారు, కొత్త బూటు కనబడాలని. రూతు కుడిచెయ్యి ఆయన ఎడమచేతిలో. నిజమైన కాలు ఒక అడుగు, ఆ కాలు ఒక అడుగు. అందరూ పెళ్ళికూతుర్ని చూస్తున్నారు. నేనూ రిష్రా అల్లుడూ మాత్రం ఆ కాలునే చూస్తున్నాం. నా పక్కనే కూర్చున్న ఆ అబ్బాయికి అది అడుగేసినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తోంది. నేనేమో ప్రతి అడుగుకీ ఊపిరి బిగబట్టి లెక్కపెడుతున్నాను. ముందుదాకా వచ్చి, పిల్ల చెయ్యి పెళ్ళికొడుకు చేతిలో పెట్టి, ఆయన వెనక్కి తిరిగి నన్ను వెతికి మరీ చూశారు. బూటుని నేలకేసి ఒక్కసారి టక్కున కొట్టారు. ఉంది, చూసుకో అన్నట్టు.

ఇదీ కథ. మీరు మీ స్నేహితులకీ, వాళ్ళ స్నేహితులకీ తప్పకుండా చెప్పండి. నాదొకటే మనవి. ఇక్కడ సంత్రాగాఛి దాకా, ఖిదిర్‌పూర్ దాకా అందరూ ఈ కథ చెప్పుకుంటున్నారు గానీ, హన్నా పేపరు విప్పిన చోట నవ్వేసి ఆపేస్తున్నారు. విన్నవాళ్ళు నేనెదురైతే, "అయ్యో, ఆ పెద్దాయన ఇప్పటికీ కర్రల మీదేనా అమ్మా?" అంటున్నారు. అందుకని పిల్లలూ, మీరు ఆపకుండా చివరిదాకా చెప్పండి. కాలు దొరికిందని చెప్పండి. మంగళవారమే దొరికిందని, పెళ్ళిలో ఆయన దాని మీదే నడిచారని చెప్పండి. వినేవాళ్ళు లేచి వెళ్ళిపోతుంటే గుమ్మందాకా వెళ్ళయినా సరే, చెప్పి రండి.